డబ్బా కొట్టే డబ్బాలు

కొండలూ లోయలూ తీయడానికి జేబులో పట్టే కెమెరా కావాలా? అయితే దొరికిపోయారు. మీలాంటి వాళ్ల కోసమే అంకెల వలలు పన్ని కూర్చున్నారు.

మొదటి వల మెగాపిక్సెల్. ఆన్‌లైన్‌లో అయిదారు వేలకే 48 మెగాపిక్సెళ్లట! లోపలున్న సెన్సర్‌కి అంత సీనుందా? చాలాసార్లు ఉండదు. ఉన్న చుక్కల మధ్య లేని చుక్కల్ని సాఫ్ట్‌వేర్ ఊహించి పూడుస్తుంది. దీన్ని మనం కల్తీ అంటాం. డబ్బా మీద ఫీచర్ అని రాస్తారు.

అసలు సెన్సర్ ఎంతుంటుంది? చవక కెమెరాల్లో తరచూ కనిపించేది 6.2 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వెడల్పు. చిటికెన వేలి గోరు దీనికంటే పెద్దది. తెల్లవారుజామున గండికోట అంచున నిలబడి పెన్నా లోయని అందులో కూరండి చూద్దాం. వెలుగు చాలదు. కెమెరా ఐఎస్ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, పెంచేస్తుంది. ఫొటో నిండా నాయిస్, అంటే చుక్కల గందరగోళం. ఆ నాయిస్ తుడవబోయి రాళ్ల పగుళ్లని కూడా తుడిచేస్తుంది. "ఎంత స్మూత్‌గా వచ్చిందో చూడండి సార్" అంటాడు సేల్స్‌మన్. పెళ్లికూతురి బ్యూటీ ఫిల్టర్ కొండకెందుకయ్యా?

పోనీ, 'ఒక అంగుళం సెన్సర్' కొందామా? స్కేలు తెచ్చుకోండి. 13.2 మి.మీ. పొడవు, 8.8 మి.మీ. వెడల్పు. మూల నుంచి మూలకి కొలిచినా 16 మి.మీ. దాటదు. అంగుళం అంటే 25.4 కదా, మిగతాది ఎవరు మింగారు? ఎవరూ మింగలేదు. అది పాతకాలపు టీవీ కెమెరాల్లోని గాజు గొట్టం బయటి కొలత. గొట్టాలు ఎప్పుడో మూలపడ్డాయి. అమ్మకానికి పనికొచ్చే అంకె మాత్రం బతికే ఉంది. బట్టల కొట్టువాడు ఇలా కొలిస్తే ఊరుకుంటామా? విచిత్రమేమిటంటే, ఈ అబద్ధపు అంగుళమే ఆ చవక సెన్సర్ కంటే వైశాల్యంలో నాలుగు రెట్లు పెద్దది. అంటే నిజం చెప్పినా అమ్ముడుపోయేదే! అయినా చెప్పరు.

తర్వాతి వల జూమ్. 30 రెట్లు, 40 రెట్లు, ఆపైన డిజిటల్ జూమ్. ఈ డిజిటల్ జూమ్ వట్టి కత్తిరింపు. కత్తెరకి కూడా డబ్బులు తీసుకునే ఘనులు వీళ్లు. లోయ అంచున ఉన్నవాడికి కావాల్సింది వెడల్పు చూపే 24 మి.మీ. లెన్స్. అవతలి గట్టు మీది మేక మీసాలు కాదు.

ఫోను చాలదా అంటారా? 2016లో హువావే తన పీ9 ఫోను గొప్పలకి ఎండలో మెరిసిపోయే ఫొటో ఒకటి పెట్టింది. ఫొటోలో దాగిన వివరాలు (మెటాడేటా) విప్పి చూస్తే కానన్ 5డీ మార్క్ 3 అనే పెద్ద కెమెరాతో తీసిందని తేలింది. ఆనక క్షమాపణ. ఫోను వాళ్లే ఫోనుని నమ్మకపోతే మనం నమ్మాలా?

సర్కారువారు మాత్రం తక్కువా? రండి, తీయండి, పోస్టు చేయండి అని పర్యాటక శాఖ పిలుస్తుంది. కెమెరా మీద 2018 దాకా 28 శాతం జీఎస్టీ గుంజారు, తర్వాత 18 శాతం గుంజుతున్నారు. తీరా పురావస్తు శాఖ కట్టడం దగ్గర ట్రైపాడ్ తెరిస్తే "అనుమతి ఏదీ?" అంటారు. వేకువ చీకట్లో చేత్తో పట్టుకుని వణక్కుండా తీయాలి కాబోలు.

కంపెనీలకి మంచి చిన్న కెమెరా చేయడం చేతకాక కాదు. 2019లో వచ్చిన రికో జీఆర్ 3 బరువు బ్యాటరీతో కలిపి 257 గ్రాములు. సెన్సర్ 23.5 × 15.6 మి.మీ. జూమ్ లేనే లేదు. హోర్డింగుకెక్కే అంకె ఒక్కటీ లేదు. ధర మాత్రం చవక కాదు.

కాబట్టి కొట్టుకెళ్తే నాలుగే అడగండి. సెన్సర్ ఎన్ని మిల్లీమీటర్లు? లెన్స్ వెడల్పు వైపు 24కో 28కో వస్తుందా? సెన్సర్ పట్టింది పట్టినట్టు ఉంచే రా ఫైలు ఇస్తుందా? అడుగున ట్రైపాడ్ మర ఉందా? జవాబుగా మెగాపిక్సెళ్లు వినిపిస్తే, పర్సు జేబులో పెట్టుకుని ఇంటికి రండి.