జానెడు ఝాలరు, బారెడు పెత్తనం

సూర్యాపేట–జనగామ రోడ్డు మీదున్న తిరుమలగిరిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాయనను పోల్చుకోవడం తేలిక. జేబులో టేపు, ఫోన్ నిండా ఝాలర్ల ఫొటోలు. ఝాలరంటే కిటికీ పరదాకు పైన, రాడ్డు కనపడకుండా అడ్డంగా వేలాడే జానెడు గుడ్డ. కుచ్చులదా, అంచు అలలుగా కత్తిరించిందా, బంగారు రంగు టాసెల్స్ వేలాడేదా అన్నది తేలకపోతే ఆయన గృహప్రవేశం ముహూర్తమైనా వెనక్కి జరుపుతాడు గానీ ఏదో ఒకటి తగిలించి ఊరుకోడు. చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వాల్సిందే, కానీ కొంచెం కనికరంతో నవ్వాలని నా వాదన. ఇల్లంతటిలో ఆయన సొంతంగా తేల్చుకునేది ఆ జానెడు గుడ్డ ఒక్కటే.

లెక్క తీసి చూడండి. జాగ ఎక్కడ కొనాలో ధర తేల్చింది. దర్వాజ ఎటుండాలో వాస్తు పంతులు తేల్చాడు. రూముల సైజు ప్లాటు గజాలు తేల్చాయి, మెట్లు మేస్త్రీ తేల్చాడు, పైఅంతస్తు సంగతి బ్యాంకు తేల్చింది. రైతుగా ఆయన పంట దగ్గరా అదే కథ. వడ్లలో తేమ 17 శాతం దాటిందంటే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. కిక్కురుమనకుండా మళ్లీ ఆరబోస్తాడు. అందరికీ తలూపగా మిగిలిన పట్టుదలంతా చివరికి టైలరు ముందు బయటపడుతుంది. “అన్నా, కిటికి నాలుగు ఫీట్లే గదా, ఎనిమిది ఫీట్ల గుడ్డ సరిపోదా?” అంటాడు టైలరు. కుచ్చు నిండుగా రావాలంటే కిటికీ వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్లు గుడ్డ పడుతుందని ఈయన ముందే తెలుసుకుని వచ్చాడు. “పది తీస్కో తమ్మీ. కుచ్చు పల్చగుంటే ఇల్లు బీదగ కనపడ్తది.” ఇక ఝాలరు నిలువు పరదాలో ఎన్నో వంతుండాలన్నది మరో పూట చర్చ. ఐదడుగుల పరదాలో ఐదో వంతంటే 12 అంగుళాలు, ఆరో వంతంటే 10. ఆ రెండంగుళాల కోసం వాదించినంతసేపు వడ్లలో కోసిన తరుగు గురించి కూడా వాదించి ఉండడు.

అసలు మన ఎండలకు ఈ గుడ్డెందుకని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. చలిదేశాల్లో గదిలోని వేడిగాలి పరదా వెనక్కి దిగి, అద్దానికి తగిలి చల్లబడి కిందినుంచి బయటికొస్తుంది. పైన పెట్టెలా మూత బిగిస్తే ఆ తిరుగుడు తగ్గుతుంది. మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా పోయే చోట ఆ బెంగ లేదు. పైగా ఎండాకాలం రాగానే కిటికీని కూలర్ ఆక్రమిస్తుంది, ఝాలరు దాని నెత్తిన పెళ్లికొడుకు తలపాగాలా మిగులుతుంది. పై సందులోంచి పడే ఎండను కాస్త ఆపుతుంది, తుప్పు రాడ్డును, వంకర కొక్కేలను దాస్తుంది, అంతే. ఇంకో ఆక్షేపణ ఇంతకంటే గట్టిది: ఎంపిక ఆయనది, దుమ్ము దులుపుడు ఇంటావిడది. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గర అసలే లేదు.

ఇంత గింజుకుని చివరికి పక్కింటి మెరూన్ శాటినే తెస్తాడు గదా, ఇందులో స్వేచ్ఛేముందనీ అంటారు. నిజమే. పాత నల్లగొండ జిల్లాలోని పుట్టపాక తేలియా రుమాలు నేతకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత నేత దగ్గర్లో ఉండగా ఈయన కళ్లు సూరత్ పాలియెస్టర్ తళుకు మీదే ఆగుతాయి. అయితే ఎంపిక మంచిదా, సొంతమా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. వంటిల్లు ఇరుకైతే వాస్తు మీదకు తోయొచ్చు, గోడ బీటిస్తే మేస్త్రీని తిట్టొచ్చు. ఝాలరు వెలవెలబోతే ఆయన ఎవరినీ అనలేడు. తప్పు పూర్తిగా తనదే అయ్యే హక్కు ఇంట్లో ఆయనకు దక్కింది అక్కడొక్కచోటే. కాబట్టి కొత్తిల్లు చూడబోయేవాళ్లు మార్బుల్‌ను, మాడ్యులర్ కిచెన్‌ను గబగబా దాటేసి, కిటికీ దగ్గర ఆగి “ఇది ఎవరు సెలెక్ట్ చేసిన్రు?” అని ఒక్కమాట అడగండి. చాయ్‌తో పాటు మిర్చి బజ్జీలూ వస్తాయి.