కారుత్రయ వివాదము (సటీకాతాత్పర్యము)

మూలము (తేటగీతి)

మూడు కారులు జర్మనీ ముద్దుబిడ్డ
లెనిమిదేసి సిలిండర్ల లేచి యురుకు
నేది మేలని యడుగంగ నెవ్వడెరుగు
బంకు యజమాని యొక్కడే పరవశించు

అవతారిక: కారు పిచ్చి ముదిరిన ఒకానొకడు మూడు సెడాన్లను పక్కపక్కన తలచుకొని, తేల్చుకోలేక వాపోవుచున్నాడు. కవి పేరు తెలియదు. కలవాడు కాడని మాత్రం పద్యమే పట్టిస్తోంది. ఈ మూడింట్లో ఒక్కటి వాకిట్లో ఉన్నా ఏది మేలని అడగడు, తనదే మేలని పోట్లాటకు దిగుతాడు. కాలనిర్ణయానికి శాసనాలు తవ్వక్కర్లేదు. బీఎండబ్ల్యూ ఎం3 ఎనిమిది సిలిండర్లతో, నాలుగు తలుపులతో అమ్మకానికి వచ్చింది 2008లో. మెర్సిడెస్ సి63 ఏఎంజీ కొన్నవాళ్ల చేతికి అందిందీ ఆ రోజుల్లోనే. ఆడి ఆర్‌ఎస్4 వాటికంటే రెండేళ్లు పెద్దది. 2008తో దాని సెడాన్ ఆగిపోయింది, ఆ తర్వాత వచ్చిన ఆర్‌ఎస్4లు డిక్కీ సాగదీసిన ఎస్టేట్ కార్లే. కాబట్టి మూడూ ఒకేసారి షోరూముల్లో తళతళలాడిన ఆ కొద్దికాలంలోనే ఈ పద్యం పుట్టి ఉండాలి.

కోలాచలం మల్లినాథ సూరి మూలంలో లేని మాట ఒక్కటీ రాయనని ఒట్టు పెట్టుకొని మహాకావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ఆయన ముందున్నది కాళిదాసు. నా ముందున్నది ఇంజను. ఆ ఒట్టు నాకు కుదరదు.

ప్రతిపదార్థము: మూడు కారులు = పైన పేర్కొన్నవి; జర్మనీ ముద్దుబిడ్డలు = మ్యూనిక్, అఫాల్టర్‌బాఖ్, నెకార్‌సుల్మ్ ఊళ్లవారు గారాబంగా పెంచినవి; ఎనిమిదేసి సిలిండర్లన్ = వీ ఆకారంలో అటు నాలుగు ఇటు నాలుగు, టర్బో సాయం లేక తమ గాలి తామే పీల్చుకొనువాటితో; లేచి యురుకున్ = నిలుచున్నచోటి నుంచి ఐదు సెకన్లు నిండకముందే వంద కిలోమీటర్ల వేగం అందుకొనును; ఏది మేలని యడుగంగన్ = అడిగితే; ఎవ్వడెరుగున్ = ఎవడికి తెలుసును? బంకు యజమాని యొక్కడే = పెట్రోలు పోసేవాడు మాత్రమే; పరవశించున్ = ఒళ్లు మరచును.

విశేషాంశములు: "ఎనిమిదేసి" అని మూడింటినీ కవి ఒక్క గాటన కట్టాడు. ఇక్కడ కాస్త విడదీయాలి.

సి63 ఇంజను 6,208 సీసీ. 457 హార్స్‌పవర్, 600 న్యూటన్ మీటర్ల టార్క్. అఫాల్టర్‌బాఖ్‌లో ఒక ఇంజనును మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి కూర్చి, పైన తన సంతకం ఉన్న పలకను బిగిస్తాడు. గ్రంథాంతంలో గద్య రాసుకునే అలవాటు మన కవులకే ఉందనుకోరాదు. ఇక 63 అంటే 6.3 లీటర్లని ముఖ్యార్థం. కొలిస్తే 6.2 మాత్రమే తేలుతుంది. ముఖ్యార్థానికి బాధ కలిగినచోట లక్షణ చెప్పుకోవాలి గనుక, 1968 నాటి 300 ఎస్‌ఈఎల్ 6.3 అనే తాతగారి పేరు మనవడికి పెట్టారని అన్వయించుకోవాలి. తరువాతి తరంలో ఇంజను నాలుగు లీటర్లకు తగ్గింది, అంకె తగ్గలేదు. 2022లో చూపించిన దాంట్లో రెండు లీటర్లు, నాలుగే సిలిండర్లు, పక్కన ఒక ఎలక్ట్రిక్ మోటారు. కలిపితే 680 హార్స్‌పవర్ వస్తాయి, నిజమే. వెనక డిక్కీ మీద మాత్రం 63 అలాగే మెరుస్తోంది. దీన్ని ఆలంకారికులు రూఢి అంటారు, అమ్మేవాళ్లు బ్రాండ్ అంటారు.

ఆర్‌ఎస్4 సంగతి క్లుప్తంగా చెబుతాను. 4,163 సీసీ, 7,800 ఆర్‌పీఎం దగ్గర 420 హార్స్‌పవర్. బలం నాలుగు చక్రాలకూ పోతుంది, మామూలుగా ముందుకు నలభై పాళ్లు, వెనక్కి అరవై. వాన పడుతుంటే మిగతా ఇద్దరూ దీని వెనకే రావాలి. అయితే ఇంజను ముందు ఇరుసుకు అవతల వేలాడుతుంది గనుక, మలుపులో ముక్కు బరువు తెలుస్తూనే ఉంటుంది. స్టీరింగు మీద ఎస్ అని ఒక మీట ఉంది. నొక్కితే యాక్సిలరేటరు చురుకవుతుంది, సైలెన్సరు గొంతు విప్పుతుంది, రేసు సీట్లున్న బండిలో పక్క దిండ్లు నడుమును ఒత్తి పట్టుకుంటాయి. ఈ మీటను కవి వర్ణించకపోవడం ఆశ్చర్యమే.

గేర్ల విషయంలో ముగ్గురివీ మూడు మతాలు. ఆర్‌ఎస్4కు క్లచ్ తొక్కక తప్పదు. సి63లో క్లచ్ పెడలే లేదు. ఎం3 మాత్రం కొనేవాడి ఇష్టానికి వదిలింది.

ఎం3 గురించి తీరిగ్గా చెప్పుకోవాలి. 3,999 సీసీ, 420 హార్స్‌పవర్, అదీ 8,300 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ 400 న్యూటన్ మీటర్లే, సి63లో మూడింట రెండు వంతులు. ఇంజను దిమ్మెను పోతపోసింది లాండ్స్‌హూట్ కార్ఖానాలో. ఆ కంపెనీ అప్పటి ఫార్ములా వన్ ఇంజన్ల దిమ్మెలూ అక్కడివే. సిలిండరుకొకటి చొప్పున ఎనిమిది థ్రాటిళ్లు. అంతకుముందు ఎం3లోని ఆరు సిలిండర్ల ఇంజను కంటే ఇది బరువు తక్కువ. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆర్‌పీఎం మీటరులో హెచ్చరిక గీత కిందికి దిగి ఉంటుంది. ఆయిల్ వేడెక్కేకొద్దీ ఒక్కో మెట్టూ పైకి జరిగి అనుమతి ఇస్తుంది. అప్పుడు మూడో గేరులో తొక్కాలి. ఆరువేల దగ్గర చెయ్యి అలవాటు కొద్దీ గేరు మార్చబోతుంది. ఆపుకోవాలి. ఇంకా రెండువేల పైచిలుకు మిగిలే ఉంది, అసలు రుచి అక్కడే ఉంది. "లేచి యురుకు" అన్న క్రియ రెండు ముక్కల్లో మొదటిది ఎం3కి, రెండోది సి63కి చెందుతుందని నా అన్వయం.

పూర్వపక్షం: 457 పెద్దదా, 420 పెద్దదా? అంకెలు చూస్తే సి63 గెలిచినట్టే కదా. పైగా రోజువారీ రోడ్డు మీద 8,300 దాకా ఎవడు లాగుతాడు?

సమాధానం: సిగ్నల్ దగ్గర పందేనికైతే సి63 కొనుక్కోమనండి, అడ్డు లేదు. పై వేగం మాట ఎత్తకండి, మూడింటికీ 250 దగ్గర కళ్లెం బిగించే పంపారు. సి63 నడిపేవాణ్ణి ఏమీ అడగదు, కాలు ఆనించగానే అన్నీ ఇచ్చేస్తుంది. ఎం3 పని చేయిస్తుంది, చేసినవాడికే ఇస్తుంది. కారు నడపడమే సరదా అయినవాడికి రెండోదే మేలని సిద్ధాంతం. కవి "ఎవ్వడెరుగు" అన్నాడు. నేనెరుగుదును.

తాత్పర్యము: జర్మనీవారు ముద్దుగా పెంచిన మూడు కార్లు ఎనిమిదేసి సిలిండర్లతో దూకుచున్నవి. ఏది గొప్పదో చెప్పగలవాడు లేడు. ఏది గెలిచినా పెట్రోలు బంకువాడికి పండుగే. కంపెనీ కాగితాల మీదనే ఇవి లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు గనుక నాలుగో పాదంలో అతిశయోక్తి లేదు, స్వభావోక్తియే.

పాఠాంతరము: "బంకు యజమాని" అన్నచోట "షెడ్డు యజమాని" అని కొన్ని ప్రతులలో కలదు. గణాలు సరిపోయినా యతి చెడింది. అర్థం మాత్రం బ్రహ్మాండంగా కుదురుతుంది. ఎం3కి కనెక్టింగ్ రాడ్ బేరింగులు ముందే అరుగుతాయని పేరు. తొలినాటి సి63లకు సిలిండర్ హెడ్ బోల్టులు తెగుతాయని భయం. ఆర్‌ఎస్4కు పెట్రోలు నేరుగా సిలిండర్లో చిమ్మడం వల్ల గాలి వాల్వుల మీద మసి పేరుకుంటుంది. ఈ పాఠం కార్లు కొన్నవారి ఇళ్లలో ప్రచారంలో ఉంది, పైది కొననివారిది. నేను పై పాఠాన్నే స్వీకరించాను.