మెడ వాలేదాకా ఆగలేరా?

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని మీ తరం కూడా బాగానే అప్పజెబుతుంది. అప్పజెప్పడానికేం, అది నోటి పని, నడుము పని కాదు. ఒక్క మడి ఉల్లి వేసి, నీళ్ళు కట్టి, తవ్వి, ఆరబెట్టి, వినాయక చవితి దాకా కుళ్ళకుండా దాచి చూపించండి, అప్పుడు ఆ సామెత మీ నోట వింటాను.

మా పక్కింటి కుర్రవాడు మిద్దెతోట పెట్టాడు. మంచివాడే, పొద్దున్నే లేస్తాడు, ఈ కాలంలో అదే పదివేలు. నల్ల సంచుల్లో కొబ్బరిపొట్టూ వర్మీకంపోస్టూ నింపి, వంటింట్లో మొలకలొచ్చిన ఉల్లిగడ్డలు తెచ్చి అందులో గుచ్చాడు. నెల తిరిగేసరికి కాడలు పచ్చగా లేచాయి. ఫోటోలు తీసి చుట్టపక్కాలందరికీ పంపాడు. ఆ తర్వాత పూకాడ వచ్చింది. లాగి చూస్తే కింద గడ్డ లేదు, సన్నటి చీలికలు మూడో నాలుగో ఉన్నాయి. "ఇదేంటి పెద్దాయనా?" అని నా దగ్గరికొచ్చాడు. ఏముంది నాయనా, మొలకెత్తిన గడ్డ నాటితే వచ్చేది పువ్వు, పువ్వులోంచి విత్తనం. గడ్డ కావాలంటే విత్తనం చల్లాలి. ఉల్లిది రెండేళ్ళ సంసారం. మొదటి ఏడు విత్తనం గడ్డవుతుంది, రెండో ఏడు గడ్డ విత్తనమవుతుంది. ఫోనులో ఇంత ప్రపంచం చూసేవాళ్ళకు ఈ చిన్న సంగతి ఎవరూ చెప్పలేదా?

కర్నూలు జిల్లాలో మా పల్లెలో విత్తనం కొనడమనేదే ఎరగం. ఉగాది దాటాక తవ్విన గడ్డల్లో మెడ సన్నగా, ఒళ్ళు గుండ్రంగా, రంగు ఒక్క తీరుగా ఉన్నవాటిని అమ్మ ఏరి వేరే పెట్టేది. వాటి జోలికి నాయన పోయినా ఊరుకునేది కాదు. ఆ గడ్డలు ఎండాకాలం దాటాలి, వానాకాలం దాటాలి. కుళ్ళేవి కుళ్ళిపోగా, మొలిచేవి ముందే మొలిచిపోగా, దీపావళికి గట్టిగా మిగిలినవే మళ్ళీ మట్టిలోకి పోయేవి. అంటే నిలవుండే గుణం ఉన్నదానికే సంతానం. బడి మెట్లెక్కని మనిషి చేసిన ఎంపిక అది. పెరటి మూలన వాటిని నాటితే సంక్రాంతి పోయాక నడుమెత్తు బోలు కాడలు, వాటి కొసన తెల్లటి పూలబంతులు వచ్చేవి. వాటి చుట్టూ పొద్దస్తమానం తేనెటీగలే. ఈగ వాలకపోతే ఉల్లికి గింజ పట్టదని మమ్మల్ని ఆ వైపు ఆడుకోనిచ్చేవారు కాదు. గింజ నల్లబడి, కాయ పగలడం మొదలెట్టగానే బంతులు కోసి, నీడన ఎండబెట్టి, అరచేతుల్లో నలిపి, చాటలో చెరిగి, గుడ్డలో మూటకట్టి ఉట్టి మీద పెట్టేది అమ్మ. ఆ గింజ రెండో ఏటికి సరిగ్గా మొలవదు. కందులూ మినుములూ కొన్నేళ్ళు ఆగుతాయేమో గానీ ఉల్లి ఆగదు. ఒక్క ఏడు బద్ధకిస్తే ఇంటి విత్తనం పోయినట్టే. మా ఊళ్ళో ఇల్లిల్లూ అలా బద్ధకించింది, ఇంటింటి విత్తనమూ పోయింది. నాకు ఇప్పటికీ దాని మీదే కోపం.

ఇప్పుడు విత్తనమంటే ప్యాకెట్టు. దాని వెనక అచ్చేసిన తారీఖు ఎవరూ చూడరు. ఒక కొట్లో "ఇది ఏ కాలానికయ్యా?" అని అడిగితే "అన్ని కాలాలకూ వస్తుంది" అన్నాడు. అన్ని కాలాలకూ వచ్చే ఉల్లి ఎక్కడుంది? పగటి పొడుగునూ ఎండ వేడినీ చూసుకుని గడ్డకట్టే మొక్క ఇది. ఎన్‌-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ లాంటివి వానాకాలానికి, అగ్రిఫౌండ్ లైట్ రెడ్ రబీకి అని వేటికి వాటికి పేర్లూ కాలాలూ ఉన్నాయి. కొత్త రకాలు చెడ్డవని నేననను. అర్కా కల్యాణ్ గడ్డలు చూశాను, రంగూ రూపూ రెండూ బాగున్నాయి. నా గొడవంతా ఏ రకమో, ఏ కాలమో అడగకుండా కొనేవాళ్ళతోటీ, చెప్పకుండా అమ్మేవాళ్ళతోటీ.

మా లెక్క సులువు. దీపావళికి నారుమడి, సంక్రాంతి లోపల నాట్లు, ఉగాది దాటాక తవ్వకం. పండగలే మాకు పంచాంగం. నారుమడి చుట్టూ ఉన్న నేలకన్నా కాస్త ఎత్తుగా ఉండాలి, నీళ్ళు నిలిస్తే నారు మెడ కుళ్ళి పడిపోతుంది. గింజ చల్లి, మాగిన పెంట జల్లెడపట్టి పైన పలచగా కప్పి, బోదగడ్డి పరిచి, మొలక కనపడగానే తీసేసేవాళ్ళం. ఆరేడు వారాలకు నారు జానెడెత్తు లేచేది. పీకి, కొసలు మూడోవంతు తుంచి, వేళ్ళు కాస్త కత్తిరించి, తడి మడిలో అర జానకొకటి నాటాలి. లోతుగా పాతకూడదు, పాతితే గడ్డ గుండ్రంగా ఊరదు. గడ్డ ఊరేకొద్దీ సగం పైకి తేలుతుంది. దాన్ని చూసి పాపం బయటపడిందని మట్టి ఎగదోసేవాళ్ళున్నారు. దోయకండి. దానికి అలా ఉండడమే ఇష్టం. ఉల్లి వేళ్ళు పైపైనే పారతాయి కాబట్టి కలుపు చేత్తో పీకడమే, పార పెడితే వేళ్ళు తెగుతాయి.

మా పెరటి మడికి నీళ్ళు జలదారి నుంచి పారేవి. ఇంటిల్లిపాదీ స్నానం చేసిన నీళ్ళు, కుంకుడురసమూ సున్నిపిండీ కలిసినవి, చిన్న కాలువ తీస్తే నేరుగా మడిలోకి పోయేవి. చాలకపోతే చేదబావి. ఇప్పుడు స్నానాల గది నీళ్ళు గొట్టంలో పోతాయి, ఎక్కడికి పోతాయో ఇంటాయనకే తెలియదు. మొక్కలకు మళ్ళీ కొన్న నీళ్ళు! అలాగని అన్నీ మా రోజుల్లోవే గొప్పని అంటే అబద్ధమవుతుంది. చలికాలం పొద్దున బురదలో వంగి నాట్లేసి అక్కలకు వేళ్ళు కొయ్యబారేవి, అమ్మకు నడుం లేచేది కాదు. డ్రిప్పు గొట్టాలు అప్పుడే ఉంటే చేదతాడు లాగి లాగి అమ్మ భుజాలు అలా పడిపోయేవి కావు. ఆ మాట ఒప్పుకోవాలి, ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక్క విషయంలో మాత్రం మీతో రాజీపడను. మీకు పెంచడం వస్తుంది, ఆపడం రాదు. ఉల్లికి నీళ్ళు పెట్టడం ఎంత ముఖ్యమో, సమయానికి మానెయ్యడం అంతకన్నా ముఖ్యం. గడ్డ ఊరడం పూర్తయ్యాక ఆకులోని బలమంతా కిందికి దిగుతుంది. మెడ మెత్తబడి, ఆకు తనంతట తానే పక్కకు వాలుతుంది. బొటనవేలూ చూపుడువేలూ పెట్టి మెడను నొక్కి చూడు నాయనా. లోపల ఇంకా గట్టిగా నిండుగా తగిలిందంటే దానికి ఇంకా పనుంది. మెత్తగా, ఖాళీగా నలిగిందంటే పని అయిపోయింది. మడిలో సగం మెడలు వాలాయంటే తవ్వకానికి సిద్ధమైనట్టే. తవ్వడానికి పది పదిహేను రోజుల ముందే నీళ్ళు బందు చేయాలి. ఆ రోజుల్లో మడి ఎండి నెర్రెలిస్తుంటే మాకు ప్రాణం కొట్టుకునేది, ఒక్క చెంబెడైనా పోద్దామని. నాయన పోయనిచ్చేవాడు కాదు. ఇప్పటివాళ్ళు చివరిదాకా నీళ్ళు పెడతారు, బరువు తూగాలని. పంట చివర్లో యూరియా కూడా చల్లుతారు, ఆకు నల్లగా నిగనిగలాడాలని. ఆకు నిగనిగలాడుతుంది, మెడ లావెక్కుతుంది, లావు మెడ ఆరదు, ఆరని మెడలోంచే కుళ్ళు దిగుతుంది. ఆ గడ్డ నెల తిరక్కుండానే ముక్కు మూసుకునేలా తయారవుతుంది.

తవ్వాక కూడా పని సగమే అయింది. పీకిన గడ్డల్ని మడిలోనే వరసగా పరిచేవాళ్ళం. మొదటి వరస గడ్డల మీద రెండో వరస ఆకు పడాలి, రెండో వరస మీద మూడోదాని ఆకు పడాలి. ఎండ ఆకును కాల్చాలి గానీ గడ్డను కాల్చకూడదు. ఎండ నేరుగా తగిలిన గడ్డకు ఆ పక్క తెల్లగా ఉడికినట్టయి తర్వాత మెత్తబడుతుంది. పొలంలో మూడు నాలుగు రోజులు, ఆపైన నీడన రెండు వారాలు. పట్టుకుంటే పైపొర కరకరలాడి రాలాలి, మెడ తాడులా బిగిసిపోవాలి. అప్పుడు వాటిని ఏరేవాళ్ళం. పూకాడ వేసినవి, జంట గడ్డలు, తవ్వేటప్పుడు తొలిక తగిలి గంటుపడ్డవి, లావు మెడవి ముందు వంటింటికి పోయేవి. ఆ వారమంతా ఇంట్లో ఉగ్గానిలో ఉల్లి, సంగటిలోకి ఉల్లికారం, జొన్నరొట్టెలోకి పచ్చి ఉల్లి. మంచివాటిని ఆకుతోనే జడలల్లి మిద్దె దంతెలకు, గవాచి కింద గాలాడే చోట వేలాడదీసేవాళ్ళం. ఆకు కోసి దాచేవాటికైతే మెడ అంగుళం వదిలి కోయాలి. నున్నగా, అందంగా ఉంటుందని మొదలంటా కోస్తే గడ్డకు తలుపు తీసి కుళ్ళును పిలిచినట్టే.

మీరు కార్తీకంలో అంగట్లో కొనేది వానాకాలపు గడ్డ, చాలాసార్లు తడి మెడతోనే బండెక్కినది. అసలే అది నిలవుండే జాతి కాదు. సంచెడు కొని వారానికే కుళ్ళిందని ఉల్లిని తిడతారు. రబీ గడ్డ ఇంట్లో దండిగా ఉన్న మాకు ఆ నెలల్లో అంగడి మొహం చూసే పని ఉండేది కాదు. పాత గడ్డ అయిపోయి కొత్తది ఇంకా సరిగ్గా రాని సందులోనే ఎప్పుడూ ధర మండుతుంది. 1998లో ఢిల్లీ ఎన్నికల్లో ఉల్లి ధర పెద్ద మాటైపోయింది, అధికారంలో ఉన్నవాళ్ళు ఓడిపోయారు. 2019 చివర్లో కిలో వంద దాటితే రైతుబజార్లలో ప్రభుత్వం 25 రూపాయలకిచ్చే ఉల్లి కోసం జనం పొద్దున్నే బారులు తీరారు. మరో ఏడు అదే ఉల్లిని కర్నూలు యార్డుకు తెచ్చిన రైతుకు కోత కూలి కూడా రాలేదు. ఈ రెండూ చూసి కడుపు తరుక్కుపోతుంది. పెరట్లో నాలుగు మడులున్న ఇల్లు ఈ రెంటిలో దేనికీ అంతగా కదలదు. పెరళ్ళన్నీ కార్లు నిలిపే సిమెంటు గచ్చులయ్యాయి, ఎవరికి చెప్పుకోను?

మా ఇంట్లోనే చూడండి. ఉల్లిగడ్డలు, ఉర్లగడ్డలు ఒకే బుట్టలో పోస్తారు. ఉర్లగడ్డ తేమ ఉల్లికి పడదు. "రెండింటినీ విడివిడిగా పెట్టమ్మా, ఆ పాలిథిన్ సంచి తీసేసి జాలీ సంచిలో గాలికి తగిలించు" అని కోడలికి చెబుతాను. సరే మామయ్యా అంటుంది, ఉద్యోగానికి టైమవుతోందని పరిగెడుతుంది. పొద్దున కాఫీ అయ్యాక కూర్చుని నేనే వేరు చేస్తాను, సాయంత్రానికి మళ్ళీ కలుస్తాయి. కలవనీ, పొద్దున నేను మళ్ళీ కూర్చుంటాను. పక్కింటబ్బాయ్, దీపావళికి ఆ నల్ల సంచులు పక్కన పెట్టి రా. ఈ ఏటి గడ్డల్లో గట్టిగా నిలిచినవి ఓ ఇరవై తీసిపెట్టాను, విత్తనం కట్టడం చూపిస్తాను. ఫోటోలు ఆఖర్న తీసుకుందువుగాని, మెడలు వాలాక.