మీటరు బాబాయి

ప్రతి చుట్టరికంలోనూ ఒక మీటరు బాబాయి ఉంటాడు. యాభై దాటి, బీపీ మాత్ర మొదలై, వాట్సాప్‌లో ఆరోగ్య సూత్రాలు పంపే దశకు చేరాక మధ్యతరగతి మగవాడు ఈ అవతారం ఎత్తుతాడు. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట టీడీఎస్ మీటరుంటుంది. పెళ్లిచూపులకు వెళ్లినా సరే, పిల్ల మంచినీళ్లు తెచ్చిస్తే ముందు గ్లాసులో మీటరు ముంచి, అంకె చూసి, తర్వాతే పిల్ల మొహం చూస్తాడు. మూడొందలు దాటితే కనుబొమలు పైకి లేస్తాయి. ‘‘మా ఇంట్లో నలభై’’ అంటాడు, కొడుకు ఐఐటీ ర్యాంకు చెప్పినంత వినయంగా. అక్కడా ఇక్కడా అంకె ఎంత చిన్నదైతే అంత గొప్ప మరి.

ఆ మీటరు చేసే పని మాత్రం చాలా చిన్నది. నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, దాన్నిబట్టి కరిగిన లవణాలెన్నో అంచనా కడుతుంది. ఒంటికి కావలసిన కాల్షియం ఉన్నా అంకె పెరుగుతుంది, చిటికెడు ఉప్పు వేసినా పెరుగుతుంది. కలరా క్రిములు గ్లాసు నిండా ఈదుతున్నా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి గీసిన గీత లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే దిక్కు లేనిచోట 2000 దాకా సరిపెట్టుకోమంది. కృష్ణా, గోదావరి నీళ్లను శుద్ధి చేసి కుళాయికి వదిలితే మామూలుగా ఆ 500 లోపే ఉంటాయి. అలాంటి నీటిని కూడా ఆర్వోలో పిండి పిండి బాబాయి నలభైకి దించుతాడు. దించాక చప్పగా ఉన్నాయంటాడు. అందుకని, పోయిన ఖనిజాలను మళ్లీ కలిపే ఇంకో గొట్టం బిగించమని సర్వీసు కుర్రాణ్ని పిలుస్తాడు. తీసినందుకొక బిల్లు, వేసినందుకొక బిల్లు. రెండిటికీ రసీదులు దాచుకుంటాడు.

ఇంట్లో ఆర్వో లీటరు మంచినీళ్లివ్వడానికి రెండు మూడు లీటర్లు సన్న పైపులోంచి సింకులోకి వదిలేస్తుంది. తాగడానికీ వంటకీ రోజుకు ఇరవై లీటర్లు కావలసిన ఇంట్లో, తక్కువలో తక్కువ నలభై లీటర్లు అలా పోతాయి. నెలకు 1200 లీటర్లు. పళ్లు తోముకుంటూ కుళాయి కట్టలేదని మనవడి మీద కేకలేసే బాబాయికి ఈ పైపు కనబడదు. కనబడేది పిన్నికి. దాని కింద బకెట్ పెట్టేదీ, నిండగానే మార్చేదీ, ఆ నీళ్లతో గిన్నెలు తొలిపి, ఇల్లు తుడిచి, మిగిలినవి బాత్రూములో పోసేదీ ఆవిడే. బోరు నీళ్లయితే ఆ వదిలిన నీటిలో ఉప్పు ఇంకా చిక్కబడుతుంది గనక కరివేపాకు మొక్కకు పోయకూడదని కూడా ఆవిడకే తెలుసు, ఏ మీటరూ లేకుండా. పాల ప్యాకెట్లు కడిగి ఆరేసి పాత సామాన్లవాడికి వేసేదీ, చిరిగిన చీరల్ని బొంతగా కుట్టించేదీ ఆవిడే. పర్యావరణం మీద ఉపన్యాసమిచ్చేది మాత్రం ఆయన. పైగా మనవడి పుట్టినరోజుకు పదిమంది వస్తారంటే ఆయనే పావు లీటరు సీసాల కేసులు తెప్పిస్తాడు. వచ్చినవాళ్లు రెండు గుక్కలు తాగి ఎక్కడో పెడతారు, ఏది ఎవరిదో తెలియక ఇంకోటి తీస్తారు. రాత్రి ఆ ఎంగిలి సీసాలన్నీ ఏరి, నీళ్లు బకెట్లోకి వంచి, సీసాలు పొడి చెత్తలో వేస్తూ కూర్చునేదెవరో వేరే చెప్పాలా?

బాబాయి తరఫున వాదించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల వాదనలో పస కూడా ఉంది. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో, నీళ్లు ఆగిన వేళ పగుళ్లలోంచి మురుగు పైపులోకి చేరే మాట నిజమే. ఆయన అనుమానం ఊరికే పుట్టలేదు. కాకపోతే అలా చేరే క్రిములకు మరగబెట్టడం చాలు, తగినంత క్లోరిన్ చాలు, అతినీలలోహిత దీపమున్న యంత్రం చాలు. వీటిలో ఏదీ గుక్కెడు నీళ్లకు రెండు గుక్కలు పారబోయదు. ‘‘మరి నల్లగొండ సంగతి?’’ అంటారు. అది ఇంకా గట్టి మాట. మన దగ్గర ఫ్లోరైడ్ జబ్బు అప్పటి నెల్లూరు జిల్లాలో బయటపడి 1937లోనే వైద్య పత్రికకెక్కింది; పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అలాంటి చోట ఆర్వో అక్కరకొస్తుంది, కాదనేవాడు ఆ వంగిన కాళ్లను చూడనివాడు. కానీ ఫ్లోరైడ్‌కు దాటకూడని హద్దు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు. అది నాలుగైనా, ఐదైనా బాబాయి మీటరు మీద తేడా తెలియదు. నిజంగా భయపడాల్సిన చోట ఆ మీటరు ఊరుకుంటుంది, అక్కర్లేని చోట బెదిరిస్తుంది. 500 లోపు నీళ్లకు ఆర్వో వాడనివ్వొద్దని, మిగతాచోట్ల పోసిన నీటిలో కనీసం 60 శాతం వాడకానికి వచ్చేలా చూడాలని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కేంద్రానికి చెప్పింది. ఆ వార్త చదివిన బాబాయిలు పేపరు మడిచి, ‘‘ఆ ట్రైబ్యునల్లో వాళ్లు ఏం తాగుతారో కనుక్కోండి’’ అన్నారు.

నిజానికి క్రిముల సంగతి తేల్చడానికి పల్లెల్లో చిన్న సీసా పరీక్ష ఎప్పట్నుంచో ఉంది. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే చాలు; నల్లబడితే మలినం చేరినట్టు. మీటరు కంటే చవక. ఎవరైనా అది కొనిచ్చినా బాబాయి ఒప్పుకోడు. ‘‘నలుపో తెలుపో చెబితే ఎట్లా? అంకె ఏది?’’ అంటాడు. అని, పక్కింటివాళ్లు తెచ్చిన కొబ్బరిబోండాంలో మీటరు ముంచి, నాలుగంకెలు కనబడగానే ఎవరినీ తాగొద్దంటాడు.