మాంటినియా మళ్లీ జరిగితే

క్రీ.పూ. 418 వేసవిలో స్పార్టా రాజు ఆగిస్‌కు ఉన్న ఇల్లు కూలే ప్రమాదం వచ్చింది. శత్రువుల వల్ల కాదు, సొంత ఊరివాళ్ల వల్ల. ఆర్గోస్ సైన్యాన్ని మూడు వైపులా చుట్టుముట్టి, ఇక దెబ్బ వెయ్యడమే తరువాయి అన్నప్పుడు అవతలి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి ఏవో నాలుగు మాటలు చెప్పారు. ఆయన ఒక్క అధికారి చెవిన మాత్రం వేసి, నాలుగు నెలల సంధికి ఒప్పేసుకుని సైన్యాన్ని వెనక్కి తిప్పాడు. స్పార్టా భగ్గుమంది. ఇల్లు పడగొట్టాలన్నారు, లక్ష డ్రాక్మాలు జరిమానా వెయ్యాలన్నారు. ఈసారికి క్షమించండి, తరవాతి యుద్ధంలో పరువు నిలబెడతానని బతిమాలుకుంటే వదిలారు. కానీ ఇకమీదట పదిమంది సలహాదారులు వెంట లేనిదే సైన్యంతో కదలకూడదని కట్టడి చేశారు.

అవతలి పక్షం ఇంకా ముచ్చటైనది. చావు తప్పించుకున్న ఆర్గోస్ వాళ్లు దండం పెట్టాల్సింది పోయి, చేతికి చిక్కిన స్పార్టాను వదిలేశాడంటూ సంధి మాట్లాడిన త్రాసిల్లస్ మీద రాళ్లు రువ్వారు. ఆయన బలిపీఠం దగ్గరికి పరుగెత్తి ప్రాణం దక్కించుకున్నాడు గానీ ఆస్తి దక్కలేదు.

ఆ వేసవిలోనే, ఆ ఆగిసే, మాంటినియా మైదానంలో ఆర్గోస్, మాంటినియా, ఏథెన్సుల కూటమిని ఓడించాడు. ఆ పోరును ఇప్పుడు భోజనాల బల్ల మీద, అంగుళం ఎత్తు బొమ్మలతో, పాచికలూ కొలత టేపూ పెట్టుకుని మళ్లీ ఆడేవాళ్లున్నారు. పిల్లచేష్ట అని కొట్టిపారేయడానికి లేదు. 1824లో ప్రష్యా లెఫ్టినెంటు రైస్విట్స్ ఇలాంటి ఆటకే పకడ్బందీ నిబంధనలు రాస్తే, అక్కడి సైన్యం అధికారుల శిక్షణకు వాడుకుంది. అంగారకుల చేత భూమ్మీద దండయాత్ర చేయించిన హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సిపాయిల మీద బొమ్మ ఫిరంగి పేల్చే పద్ధతులన్నీ రాసి ‘లిటిల్ వార్స్’ పేరుతో అచ్చు వేయించాడు. 1965లో పుట్టిన సొసైటీ ఆఫ్ ఏన్షెంట్స్‌కు ప్రాచీన యుద్ధాలంటే ప్రత్యేకమైన మక్కువ. ఒక యుద్ధాన్ని ఎంచుకుని, ఒకే రోజున, రకరకాల నిబంధనలతో పక్కపక్క బల్లల మీద ఆడే ఆనవాయితీ కూడా వాళ్లకుంది. ఈ బల్ల మీద గెలిచిన సైన్యం ఆ బల్ల మీద ఓడిపోతుంది. చరిత్ర నొచ్చుకున్న దాఖలా లేదు.

ఈ ఆటగాళ్ల ఆదిగురువు ఎవరంటే మాత్రం, ఆ పోరును రాసిపెట్టిన గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ పేరే చెప్పాలి. స్పార్టా సైన్యంలో ఎంతమంది ఉన్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. స్పార్టాలో అన్నీ రహస్యాలే. అవతలివాళ్లు చెప్పే లెక్క ఆయన నమ్మలేదు. సొంత సైన్యం గురించి కోతలు కొయ్యని ఊరు ఏది? అందుకని తనే కూర్చుని గుణించాడు. ఏడు పటాలాలు, ఒక్కో పటాలానికి నాలుగు దళాలు, దళానికి నాలుగు జట్లు, జట్టుకు ముందు వరసలో నలుగురు: మొత్తం 448. వెనక్కి సుమారు ఎనిమిదేసి వరసలు. అంటే 3,584 మంది. వీళ్లు కాక ఎడమ కొసన 600 మంది స్కిరిటై సైనికులు. ఒక్కో బొమ్మ ఇరవై మందికి సమానం అనుకున్నా, స్కిరిటైలను పక్కనబెడితేనే నూట ఎనభై బొమ్మలు. ప్రతి బొమ్మకూ డాలు, ప్రతి డాలుకూ రంగు. స్పార్టా డాళ్ల మీద లాంబ్డా అక్షరం ఆ ఏటికే వచ్చిందా, తరవాత వచ్చిందా అన్న వాదన మొదలైతే యుద్ధం వచ్చే ఆదివారానికి వాయిదా. అసలు యుద్ధం ఒక పూటలో ముగిసింది. బొమ్మలకు రంగులు వెయ్యడానికి చలికాలమంతా చాలదు.

రంగులు ఆరాక అసలు చిక్కు మొదలవుతుంది. బొమ్మలు మరీ బుద్ధిమంతులు. చెప్పిన చోట నిలబడతాయి, నోరెత్తవు. ఆగిస్ సైన్యం ఆ బాపతు కాదు. యుద్ధానికి ముందు శత్రువు నిటారైన గుట్ట మీద కూర్చుని ఉంటే, పరువు తొందరలో ఉన్న ఆగిస్ ఎదురెక్కమన్నాడు. ఈటె విసిరితే తగిలేంత దగ్గరికి వెళ్లాక, ఒక ముసలి సైనికుడు వెనక నుంచి అరిచాడు: పాత తప్పును కొత్త తప్పుతో దిద్దుకోవాలని చూస్తున్నావయ్యా అని. రాజు సైన్యాన్ని ఉన్నపళంగా వెనక్కి తిప్పేశాడు. ఆ తరవాత చేసిన పని ఇంకా విచిత్రం. టేజియా, మాంటినియా ఊళ్లు ఎప్పట్నుంచో కొట్టుకుంటున్న నీటిని మాంటినియా పొలాల మీదికి మళ్లించాడు, ఆ కోపానికైనా శత్రువు గుట్ట దిగుతాడని. వాళ్లు నిజంగానే దిగారు. మర్నాడు తిరిగొస్తున్న స్పార్టా సైన్యం, వాళ్లు కళ్లెదుట బారులు తీరి ఉండటం చూసి నిర్ఘాంతపోయింది. పిలిచిందీ తనే, ఉలిక్కిపడిందీ తనే. ఈ వ్యాసకర్త చూసిన ఏ నిబంధనల పుస్తకంలోనూ వెనక నుంచి అరిచే ముసలాయనకు ఒక్క పేరా కేటాయించలేదు. అది లోటే.

హాప్లైట్ అంటే డాలూ బల్లెం పట్టిన గ్రీకు కాలిబంటు. అతని డాలు అడ్డంగా 90 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఎడమ చేతికి తగిలించుకుంటే సగం తనను, సగం ఎడమ పక్కవాణ్ణి కాస్తుంది. కుడివైపు బోసి. అందుకని ప్రతివాడూ కుడిపక్కవాడి డాలు చాటుకు ఒదుగుతాడు. కుడి కొసన ఉన్నవాడు డాలు లేని పక్కను శత్రువుకు అందకుండా ఇంకాస్త పక్కకు తప్పుకుంటాడు. అలా సైన్యమంతా నడుస్తూ నడుస్తూ కుడికి జరిగిపోతుంది. రెండు సైన్యాలదీ అదే వరస కాబట్టి, ఎవరి కుడి కొస వాళ్లది అవతలివాడి ఎడమ కొసను దాటిపోతుంది. బల్ల మీద దీన్ని తెప్పించాలంటే ప్రతి వంతులోనూ పటాలాలను అర అంగుళం కుడికి జరపాలని సొంత నిబంధన పెట్టుకోవాలి. అది అర అంగుళమా, ముప్పావా అని తేలేలోపు టీ చల్లారుతుంది.

మాంటినియాలో ఈ జరుగుడు చూసి ఆగిస్‌కు గుండె గుభేలుమంది. తన ఎడమ కొసను శత్రువు చుట్టేసేలా ఉన్నాడు. ఇక నిమిషాల్లో బల్లేలు తాకుతాయనగా, ఎడమ కొసనున్న స్కిరిటైలను ఇంకా ఎడమకు జరగమన్నాడు. ఆ ఖాళీలోకి కుడివైపు నుంచి రెండు పటాలాలు తీసుకురమ్మని హిప్పొనోయిడాస్, అరిస్టోక్లీస్ అనే సేనానులకు కబురు పంపాడు. స్కిరిటైలు జరిగారు. సేనానులిద్దరూ కదల్లేదు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటాం గానీ, ఇక్కడ రాజు తలచుకున్నా రెండు పటాలాలు రాలేదు. పోనీ స్కిరిటైలనైనా వెనక్కి రమ్మంటే వేళ మించిపోయింది. స్పార్టా వరస మధ్యలో తలుపు తీసిపెట్టినట్టు ఖాళీ మిగిలింది. అందులోంచి మాంటినియా వాళ్లూ, వెయ్యిమంది ఆర్గోస్ ఏరికోరిన యోధులూ దూరి, సామాన్ల బండ్ల దాకా తరుముకుంటూ పోయారు. పిరికితనం నేరం కింద ఆ సేనానులిద్దరినీ తరవాత స్పార్టా దేశం నుంచి వెళ్లగొట్టింది.

ఈ ఘట్టాన్ని ఆటలోకి ఎలా తేవాలి? స్పార్టా తరఫున ఆడేవాడు థూసిడిడీస్‌ను చదివే వచ్చి ఉంటాడు. చచ్చినా ఆ ఆజ్ఞ ఇవ్వడు. ఫిల్ బార్కర్ బృందం 1990లో తెచ్చిన ‘డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్’ ఆటలో దీనికి ఒక చిట్కా ఉంది. సైన్యమంటే పన్నెండే బేసులు, అంటే బొమ్మలు అతికించిన పలకలు. వంతు వచ్చినప్పుడు పాచిక వేస్తే ఎంత పడితే అన్ని కదలికలే. ఒకటి పడిందా, పన్నెండింట్లో ఒక గుంపు కదులుతుంది, మిగతావి నోళ్లు తెరుచుకుని చూస్తుంటాయి. ఆ లెక్కన ఆగిస్‌కు ఆ నిమిషాన ఒకటి పడిందనుకోవాలి. చిట్కా తెలివైనదే. కానీ పాచికకు పిరికితనం ఉండదు, దాన్ని దేశం నుంచి వెళ్లగొట్టడమూ కుదరదు. అంతకన్నా మేలైన మార్గం, రాజుకు ఒకణ్ణి, సేనానులకు ఇద్దర్ని వేరే మనుషుల్ని కూర్చోబెట్టడం. హిప్పొనోయిడాస్ పాత్ర బావమరిదికి ఇస్తే అవిధేయతకు ప్రత్యేక నిబంధన రాయక్కర్లేదు.

ఇంత గందరగోళంలోనూ స్పార్టా గెలిచింది, అదీ నడకతో. ఆర్గోస్ వాళ్లు ఆవేశంగా ఉరుకుతూ వచ్చారు. స్పార్టా వాళ్లు మాత్రం ఆలోస్ వాయించేవాళ్లను బారుల మధ్య నిలబెట్టుకుని, ఆ లయకు నింపాదిగా అడుగులేశారు. ఆలోస్ అంటే జంట గొట్టాల పీక వాద్యం, మన సన్నాయికి దూరపు చుట్టం. కాబట్టి చంపడానికి వస్తున్న ఆ సైన్యం మగపెళ్లివారు విడిదికి వస్తున్నట్టు వచ్చి ఉండాలి. భక్తితో పెట్టిన మేళం కాదు, అడుగు తప్పి వరస చెదరకూడదని పెట్టింది. ఆ మేళం దగ్గరకొచ్చేసరికి నడిమి భాగంలోని ఆర్గోస్ బలగంలో చాలామంది బల్లెం తగలకముందే పరుగు లంకించుకున్నారు. ఆ తొక్కిసలాటలో కొందరు కాళ్ల కింద నలిగారు. కాగల కార్యం గంధర్వులు తీర్చారు. ఆటలో దీన్నే ధైర్య పరీక్ష అంటారు. చలికాలమంతా కళ్లు పోయేలా రంగులేసుకున్న పటాలం, శత్రువును ముట్టుకోకుండానే బల్ల అంచు దాకా పారిపోతే, ఆర్గోస్ ఆటగాడికి నిబంధనల పుస్తకంలో అచ్చుతప్పులు కనిపించడం మొదలవుతుంది.

ఓడినవాళ్ల వైపు దాదాపు 1,100 మంది చనిపోయారు. అందులో ఏథెన్సు సేనానులిద్దరూ ఉన్నారు. స్పార్టా వైపు సుమారు 300 మంది అని చెప్పుకున్నారు, నిజం తెలియడం కష్టమని థూసిడిడీస్ ఇక్కడ కూడా నసిగాడు. బండ్ల దాకా వెళ్లిన ఆ వెయ్యిమంది ఆర్గోస్ యోధులు వెనక్కి చూసుకుంటే తమ పక్షమే లేదు. ఆగిస్ వాళ్లను చుట్టెయ్యబోతే, పదిమంది సలహాదారుల్లో ఒకడైన ఫారాక్స్ దారి వదిలెయ్యమన్నాడని మరో చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు. రాజు విన్నాడు. ఆ రోజు మైదానంలో మాట విన్న కొద్దిమందిలో ఆయనా ఒకడు.

ఈ ఆటలో ఎవరూ అడిగి తీసుకోని పాత్ర ఒకటుంది, ఆర్గోస్ కూటమిలోదే అయిన ఎలిస్ సైన్యం. యుద్ధానికి ముందు అందరూ స్పార్టా పక్షాన ఉన్న టేజియా మీదికి పోదామంటే, కాదు మా లెప్రియన్ మీదికి రమ్మని పేచీ పెట్టి, అలిగి ఇంటికెళ్లిపోయిన మూడువేల మంది హాప్లైట్లు. వాళ్లు తిరిగొచ్చారు, యుద్ధం ముగిశాక. వాళ్లతోపాటు ఏథెన్సు నుంచి మరో వెయ్యిమంది కూడా. అప్పటికి స్పార్టా కార్నియా పండగ చేసుకుంటోంది. వచ్చినవాళ్లు ఊరికే ఉండలేక, మిగిలిన మిత్రులతో కలిసి ఎపిడారస్ పట్టణం చుట్టూ ముట్టడి గోడ కట్టడానికి పూనుకున్నారు. పని వంతులేసుకున్నారు కూడా. కొన్నాళ్లకు మిగతావాళ్లంతా పారలు కింద పడేశారు. ఏథెన్సు వాళ్లు మాత్రం తమ వంతుకొచ్చిన ముక్కను బుద్ధిగా పూర్తి చేశారు.