విండోస్ పక్కన లినక్స్ పెట్టుకునేవారికి తిరుగులేని సలహాలు

ముందు లినక్స్ వేయండి, విండోస్ తర్వాత. తెలిసినవాళ్లు వరస తిరగేసి చెబుతారు, వినకండి. పాత బయాస్ మెషీన్లలో డిస్కు మొదటి సెక్టారు మొత్తం 512 బైట్లు, అందులో బూట్ కోడ్‌కు దక్కేది 446. అంత ఇరుకు గదిలో ఇద్దరు అద్దెకుండలేరు కాబట్టి విండోస్ వస్తూనే గ్రబ్‌ను ఖాళీ చేయిస్తుంది. లినక్స్ డిస్కులో భద్రంగానే ఉంటుంది, లేపే దిక్కు మాత్రం ఉండదు.

కొత్త యూఈఎఫ్ఐ మెషీన్లలో ఈ సరదా తగ్గింది. ఒకే ఫ్యాట్32 పార్టిషన్‌లో ఎవరి బూట్ ఫైళ్లు వాళ్ల ఫోల్డర్లో ఉంటాయి. అయినా నిరాశ పడకండి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే డ్రైవ్ అక్షరం కూడా లేని చిన్న ముక్క ఒకటి కనిపిస్తుంది, తరచుగా వంద ఎంబీ. ఎవరూ వాడుతున్నట్టు లేదు కదా, చెరిపేయండి. మామూలుగా చెరపనివ్వదు. డిస్క్‌పార్ట్‌లో ‘ఓవర్‌రైడ్’ అని చేరిస్తే ఆ మొహమాటమూ పోతుంది. వంద ఎంబీ మిగిలింది, ఇరవై పాటలు పడతాయి. వినడానికి ఇంకో కంప్యూటర్ చూసుకోవాలి, అంతే.

లినక్స్ మీద మోజు తీరిందా? విండోస్‌లోంచే దాని పార్టిషన్ ఎగరగొట్టండి. బూట్ క్రమం ఎవరి చేతిలో ఉందో చూడటం లాంటి చాదస్తాలు వద్దు. గ్రబ్ మెనూ, దాని మాడ్యూళ్లు సాధారణంగా మీరు చెరిపిన ఆ పార్టిషన్‌లోనే ఉంటాయి. మర్నాడు నల్లటి తెర మీద గ్రబ్ ప్రాంప్ట్ ఒక్కటే వెలుగుతుంది. దానికి ఏం జవాబు చెప్పాలో తెలిసిన కుర్రాడు ప్రతి వీధిలోనూ ఉంటాడు, పరీక్షల సీజన్‌లో తప్ప.

గడియారం సంగతి. మెషీన్‌లోని గడియారాన్ని విండోస్ స్థానిక సమయం అనుకుంటుంది, లినక్స్ యూటీసీ అనుకుంటుంది. అందుకే మనదేశంలో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారినప్పుడల్లా అయిదున్నర గంటలు అటో ఇటో జరుగుతాయి. ఒక్క సెట్టింగ్‌తో సర్దుకుంటుందంటారు. వద్దు, ప్రతిసారీ చేత్తోనే దిద్దండి. ఆఫీసు మీటింగ్ తప్పించుకోవడానికి ఇంత శాస్త్రీయమైన సాకు మళ్లీ దొరకదు.

గ్రబ్ కాన్ఫిగ్ ఫైలు పైన ‘దీన్ని మార్చవద్దు’ అని ఇంగ్లిషులో పెద్దక్షరాలతో ఉంటుంది. మార్చండి. తర్వాతి కెర్నల్ అప్‌డేట్ మీ కష్టాన్ని తుడిచేస్తుంది, మళ్లీ రాయండి. చేతికి అలవాటవుతుంది.

ఇక సెక్యూర్ బూట్. లినక్స్ ఇన్‌స్టాలర్ గునిసినా గునియకపోయినా దాన్ని ముందే ఆపేయండి. బిట్‌లాకర్ ఉన్న లాప్‌టాప్ అయితే ఈ మార్పు చూసి అనుమానపడి, 48 అంకెల రికవరీ కీ ఇస్తేనే గానీ విండోస్‌ను తెరవదు. కాబట్టి ఆ కీని ముందే రాసి పెట్టుకోవాలి. కాగితాలు పోతుంటాయి, అదే లాప్‌టాప్‌లో విండోస్ డెస్క్‌టాప్ మీద ‘ముఖ్యం’ అని ఫైలు పెట్టి అందులో దాచండి.