అంతరిక్షంలో కమీషన్ కొట్టు

నాకో అంతరిక్ష నౌక ఉంది. అది రేవు దాటి బయటికి రాదు. బయట యుద్ధాలు జరుగుతుంటాయి, దోపిడీ దొంగలు కాపు కాస్తుంటారు, సామ్రాజ్యాలు కూలుతుంటాయి. నేను మాత్రం లోపల కూర్చుని ట్రిటానియం అనే ఖనిజం ఇవాళ ఎంత పలుకుతోందో చూసుకుంటాను.

ఆట పేరు ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండ్‌కి చెందిన సీసీపీ గేమ్స్ 2003లో మొదలుపెట్టింది. అందులో వేల నక్షత్ర మండలాలు. సేనాని కావచ్చు, దొంగ కావచ్చు, గూఢచారి కావచ్చు, అడిగే నాథుడు లేడు. ఇంత స్వేచ్ఛ చేతికిస్తే జనం ఏం చేశారయ్యా అంటే, సంత పెట్టారు. జీటా అనే మండలంలో నాలుగో గ్రహానికి నాలుగో చందమామ దగ్గర ఒక స్టేషన్ ఉంది. సంత అక్కడే పెట్టుకోమని కంపెనీ ఎవరికీ చెప్పలేదు. కొనేవాళ్లున్నారని అమ్మేవాళ్లు, అమ్మేవాళ్లున్నారని కొనేవాళ్లు వచ్చి చేరారు, అంతే. ఇప్పుడు విశ్వం మొత్తంలో అంత రద్దీ ఇంకెక్కడా లేదు.

నా ఉద్యోగం లెక్కలు రాయడం. పగలంతా జీఎస్టీ రిటర్నులతో కుస్తీపట్టి, రాత్రి కాస్త సేదతీరదామని ఈ ఆటలో దిగాను. దిగి, మళ్లీ లెక్కలే రాస్తున్నాను. ఇక్కడ కూడా అమ్మకం పన్ను ఉంది, దళారీ రుసుము ఉంది. పన్ను తగ్గాలంటే మన పాత్ర ‘అకౌంటింగ్’ అనే విద్య నేర్వాలి. ఫిరంగి పేల్చడం, నౌక నడపడం ఎలాగో ఇదీ అలాగే. మొత్తం ఐదు మెట్లు. పైమెట్టు ఎక్కడానికి మన గోడ గడియారం ప్రకారమే రోజులకు రోజులు పడుతుంది. లెక్కలు రాసి పెళ్లాం పిల్లల్ని పోషిస్తున్న నేను, తెర మీద బొమ్మ లెక్కలు నేర్చుకునేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను.

వ్యాపారం సూత్రం చిన్నదే. తక్కువకి కొంటానని ఒక బోర్డు, ఎక్కువకి అమ్ముతానని ఇంకో బోర్డు. మనకన్నా పైసా తక్కువకి ఇంకెవడో పెడతాడు. వాడి మీద మనం ఇంకో పైసా తగ్గిస్తాం. అవతలివాడు ఏ దేశమో, ఏం తింటాడో తెలియదు. వాడు నిద్రపోతేనే మన సరుకు కదులుతుందని మాత్రం తెలుసు. ఈ పైసా పోటీ శ్రుతి మించడంతో, ధర మార్చితే చెప్పుకోదగ్గంత మార్చాలని కంపెనీ 2020లో నిబంధన పెట్టింది.

“ఏవండీ, అది ఆఫీసు పనా, ఆటా?” అంది మా ఆవిడ ఓ రాత్రి.

“ఆటే.”

“మరి మొహం అలా పెట్టారేం?”

ఈ ఆటని మా ఇంట్లో అర్థం చేసుకున్నది మా మామగారొక్కరే. ఆయన గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసి మానేశారు. కంప్యూటర్ ఎక్కడ నొక్కితే వెలుగుతుందో తెలియదు. ఒకసారి నా కుర్చీ వెనక నిలబడి కాసేపు అంకెలు చూసి, “అల్లుడుగారూ, కొనే ధరకీ అమ్మే ధరకీ ఇంత తేడా ఉంటే మధ్యలో ఎవరూ దూరలేదా?” అన్నారు.

“నేనే దూరాను మామయ్యగారూ.”

పెళ్లయినప్పటి నుంచీ ఆయన కళ్లలో నేను వెతుకుతున్న గౌరవం ఆ రోజు కనిపించింది.

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సరుకు ఎవరు తయారుచేస్తారు? దాదాపు అంతా ఆటగాళ్లే. ఒకడు గ్రహశకలాలు తవ్వుతాడు, ఇంకొకడు ఖనిజం కరిగిస్తాడు, మరొకడు నౌక కడతాడు, నాలాంటివాడు దాన్ని చూడకుండానే కొని అమ్ముతాడు. “సరే, అమ్మింది ఎటు పోతుంది?” అన్నారు. “పేలిపోతుందండీ. పేలిందంటే ఇక లేనట్టే” అన్నాను. ఆయన మెచ్చుకోలుగా తలూపారు. “మిరపకాయ కూడా తినేస్తేనేగా మళ్లీ కొనేది.”

ఆటల అర్థశాస్త్రమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. చాలా ఆటల్లో కత్తి అరగదు, కవచం చిరగదు. రాక్షసుల్ని చంపిన కొద్దీ బంగారం రాలుతూనే ఉంటుంది, ఖర్చుపెట్టే దారి ఉండదు. డయాబ్లో 2లో అలాగే బంగారానికి విలువ పోతే, జనం స్టోన్ ఆఫ్ జోర్డాన్ అనే ఉంగరాన్ని డబ్బుగా వాడుకున్నారు. ఈవ్‌లో ఆ బాధ లేదు. తగలబెట్టేవాళ్లు పుష్కలం. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే మండలంలో ఏడున్నర వేల మంది పైగా దాదాపు రోజంతా కొట్టుకుని, ఆటలోకెల్లా పెద్దవైన టైటాన్ నౌకలు 75 తుక్కు చేశారు. ఆటలో కాలపరిమితి పొడిగించుకునే టోకెన్లు డాలర్లకీ దొరుకుతాయి, ఆట డబ్బుకీ దొరుకుతాయి. ఆ లెక్కన చూస్తే పోయిన సొత్తు 3 లక్షల డాలర్ల పైనే. ఇంతకీ గొడవ ఎలా మొదలైంది? ఆ మండలం తాలూకు బిల్లు గడువుకి చెల్లించకపోవడం వల్ల.

“అద్దె కట్టలేదా!” అన్నారు మామగారు. టైటాన్ల గురించి ఒక్క ముక్క అడగలేదు. “గుమాస్తాని ఉంచారా, తీసేశారా?”

సంత ఉన్నచోట బ్యాంకు కూడా వెలుస్తుంది. ఈవ్‌లో ఆటగాళ్లే ఈబ్యాంక్ పెట్టి డిపాజిట్లు సేకరించారు. 2009లో దాన్ని నడిపే ఆస్ట్రేలియా ఆసామి 20,000 కోట్ల ఆట డబ్బు తీసుకుని, అసలు డాలర్లకి అమ్మేసి, ఇంటికి అడ్వాన్సు, వైద్యం బిల్లు కట్టుకున్నాడు. కంపెనీ అతన్ని ఆటలోంచి వెళ్లగొట్టింది. నమ్మినవాళ్లని ముంచినందుకు కాదు. ఆ ఆటలో మోసం నిబంధనలకు లోబడిన వృత్తే. ఆట డబ్బుని బయట అమ్మడం నిషిద్ధం కాబట్టి.

“బోర్డు తిప్పేసినందుకు కేసు లేదా?” మామగారికి నమ్మకం కుదరలేదు. తర్వాత చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఎవరెవరి పేర్లో మనసులో లెక్కపెట్టుకున్నట్టు కనిపించారు.

ఇంత సంసారానికి పెద్దమనిషి ఒకడు కావాలని సీసీపీ 2007లో ఎయోల్ఫుర్ గుడ్‌ముండ్‌సన్ అనే ఆర్థికవేత్తని ఉద్యోగంలో పెట్టుకుంది. ఆయన మూడు నెలలకోసారి లేని దేశపు ధరల సూచీ విడుదల చేసేవాడు. మరుసటి ఏడాది అక్టోబరులో ఉన్న దేశంలో మూడు పెద్ద బ్యాంకులూ వారం రోజుల్లో కూలాయి. ఐస్‌లాండ్ క్రోనాని పొట్టిగా ఐఎస్‌కే అంటారు. ఆటలో డబ్బునీ ఐఎస్‌కే అనే అంటారు. ఆ అక్టోబరులో రెంటిలో ఏది నయమో ఎంచుకోమంటే, నేను రేవులోనే ఉండిపోయేవాణ్ణి.

పక్కవాళ్లూ తక్కువ తినలేదు. వాల్వ్ కంపెనీ 2012లో తన ఆటల సంతని అధ్యయనం చేయడానికి యానిస్ వరూఫకిస్ అనే ఆర్థికవేత్తని పిలిపించుకుంది. అక్కడ జోరుగా చేతులు మారే సరుకుల్లో ముఖ్యమైనవి టోపీలు. 2015లో ఆయన గ్రీసు ఆర్థికమంత్రి అయ్యాడు. అప్పుల్లో మునిగిన దేశానికి అంతకన్నా అనుభవజ్ఞుడు ఎక్కడ దొరుకుతాడు?

యుద్ధాల ఆటలో వ్యాపారం ఒక మూలన సాగే పని అనుకుంటారు కుర్రాళ్లు. తుపాకీ గుండు ఎవడో ఒకడు నాలుగు రాళ్లు మిగులుతాయని తెచ్చి పెడితేనే వీరుడు వీరుడవుతాడు. వీరుడు రోజూ ఓడిపోతేనే నాకు నాలుగు రాళ్లు మిగులుతాయి. ఎవరు గెలిచినా నాకొకటే, ఎవరూ గెలవకుండా కొట్టుకుంటూ ఉంటే మరీ మంచిది. ఈ ధర్మసూక్ష్మం మామగారికి నాకన్నా ముందే ఒంటబట్టింది. ఆయన చీమని కూడా తొక్కరు. ఉల్లి, వెల్లుల్లి మానేశారు. ఇటీవల రెండు పెద్ద కూటములు రాజీకి వస్తున్నాయని తెలిసి, గోదాము నిండా ఫిరంగి గుళ్లు పెట్టుకున్న నేను దిగాలుగా ఉంటే, ఆయన రోజూ పొద్దున్నే ఫోను చేయడం మొదలుపెట్టారు.

“అల్లుడుగారూ, యుద్ధం సంగతి ఏమన్నా తెలిసిందా?”

ఓ పొద్దున ఫోను మా ఆవిడ ఎత్తింది. “యుద్ధమేంటి నాన్నా? ఎవరితో?”

“ఎవరితోనైనా పర్లేదమ్మా, సరుకుంది.”